మూడు వందల పన్నెండు కుర్చీలు

ఆ రాత్రి కుర్చీలు వేసింది నేనే.
టాస్మానియా ఉత్తరపు ఒడ్డున, మా ఊరి హాల్లో,
ఎనభై తొమ్మిది చలికాలం.
మూడు వందల పన్నెండు.
లెక్క బాగా గుర్తు, ఎందుకంటే
చాలక చర్చి నుంచి ఇరవై అరువు తెచ్చాను,
రెండు కాళ్లు విరిగి తిరిగెళ్లాయి.

బయట గాలి ఉప్పు చల్లుతోంది.
లోపల తడిసిన ఉన్ని కోట్ల వాసన, టీ ఆవిరి,
బంగాళదుంపల రైతులు, కాగితం మిల్లు వాళ్లు,
చంకన పిల్లలతో తల్లులు.
వేదిక మీద ఒకాయన అన్నాడు:
ఈ చట్టం కదిలితే మన ఇళ్ల పునాదులు కదిలినట్టే.
చట్టమంటే,
ఇద్దరు మగవాళ్లు తలుపేసుకుని ప్రేమించుకుంటే
ఇరవై ఒక్కేళ్ల దాకా జైలు.
రేకుల మీద వడగళ్లలా చప్పట్లు.

మూడో వరుస చివర, తలుపు పక్కన
బెవన్ స్ట్రిక్లాండ్ కూర్చున్నాడు.
మా వైపు పియానోలన్నీ శ్రుతి చేసేది అతనే.
రాకపోతే ఎందుకు రాలేదంటారని వచ్చాడట,
చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.
చట్టం ఉండాలనేవాళ్లు చేతులెత్తండి అనగానే
అతని చేయీ లేచింది.
అంత మెల్లగా లేచిన చేయిని
నేను మళ్లీ చూడలేదు.

నేనెత్తలేదు.
నా చేతుల్లో కుర్చీలున్నాయి.

తొంభై ఏడులో చట్టం పోయింది.
పునాదులు కదల్లేదు.
ఆ ఏడూ దుంపలు ఊరాయి.

ఊరు మారడం నేను చూశానని చెప్పను.
గోడకు రంగు ఏ రోజు వెలిసిందని చెప్పగలం?
ఐలీన్ కాటర్ కూతురు హోబర్ట్ నుంచి ఒక పిల్లను తెచ్చి
ఈమె నా మనిషి అంది.
ఐలీన్ మూడేళ్లు మాట్లాడలేదు.
నాలుగో ఏడు రెండు స్వెటర్లు అల్లి పంపింది,
రెండోదానికి చేతులు పొట్టి,
కొలత అడగడానికి నోరు రాలేదు మరి.
మిల్లులో ఫోర్‌మన్ పాత జోకు వేస్తే
ఎవరూ నవ్వలేదొకరోజు,
దగ్గొచ్చినట్టు పక్కకు తిరిగాడు.
డగ్ పెట్టిగ్రూ మాత్రం పోయేదాకా మారలేదు.
అయినా ఆవులు రోడ్డెక్కితే
అర్ధరాత్రి ఫోన్ చేసేది బెవన్ ఇంటికే.

రెండు వేల పదిహేడులో పోస్టులో ఫారాలొచ్చాయి.
అవును, కాదు. ఒక్క గడి.
ఇద్దరు మనుషుల పెళ్లిని
దేశమంతా కవర్లో పెట్టి నాలుకతో తడిపి అంటించింది.
పోస్టాఫీసు మెట్ల మీద బెవన్ అడిగాడు,
నీ పెళ్లికి నన్నెవరైనా అడిగారా?
నవ్వుతూనే అడిగాడు.
నేను బూటు తాడు కట్టుకున్నాను, అది ఊడకపోయినా.

మరుసటి ఏడు అదే హాలు.
బెవన్‌కి డెబ్భై ఒకటి.
పక్కన లెస్టర్ ఫెయిన్,
ముప్పై ఏళ్లుగా ఊరి నోట అతని పేరు
'అద్దెకుండేవాడు'.
నూట నలభై వేశాను, సరిపోలేదు,
గోడలకానుకుని నిలబడ్డారు జనం.

కేకు కోశాక ఎవరో ఆ పాత మీటింగు మాటెత్తారు.
ఛ, మేమా? మేమెప్పుడూ అలాంటివాటికి పోలేదు.
ఆ రోజు నాకు జ్వరం.
ఆ రోజు మా ఆవు ఈనింది.
తేలు కుట్టిన దొంగల మొహాలు కావవి,
నిజంగా మరిచిపోయిన మొహాలు,
కడిగిన పళ్లేల్లా.
మరి మూడు వందల పన్నెండు కుర్చీల్లో
కూర్చున్నదెవరు? సముద్రమా?

నేను వచ్చాను, అన్నాడు బెవన్,
చేయి కూడా ఎత్తాను.

హాల్లో చెంచాలాగాయి.
లెస్టర్ అతని చేతిని, ఆ చేతినే,
టేబుల్ మీద తన చేతితో కప్పాడు.
కాసేపటికి ఎవరో పియానో మూత తీశారు.

రాత్రి ఒక్కణ్నే కుర్చీలు మడత పెడుతూ
లెక్క మళ్లీ వేసుకున్నాను.
మీటింగు ఏడింటికి.
ఆరున్నరకే కుర్చీలన్నీ వేసేశాను.
చేతులెత్తమన్నప్పుడు
నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.

ఒకటి లేచింది.