ముందు నిచ్చెన చూపించాలి

గూఢచారి సినిమా కొత్త భాగం వచ్చిన ప్రతిసారీ
జగదాంబ సెంటర్లో రెండో ఆటకి
సిమ్మయ్య మావ నాకూ టిక్కెట్టు తీసేవాడు.
పోర్టులో క్రేను డ్రైవరు.
గ్రీజు వాసన వదలని అరచేతుల్లో
పాప్‌కార్న్ పొట్లాన్ని పట్టుకునేవాడు
ఓడలోంచి గాజు సామాను దించుతున్నట్టు.

మూడో భాగంలో రైలు కప్పు మీద ఫైటు.
హాలంతా ఈలలు.
మావ ఆవులించాడు.
"సొరంగం ఎక్కడున్నాదో ముందు సూపించలేదురా గుంటడా.
వచ్చీసినాక వచ్చిందన్నాడు.
అది బయమేటి? ఉలికిపాటు."

ఐదో భాగంలో మాత్రం ఒక్కచోట
కుర్చీ అంచుకి జరిగాడు.
పేలుళ్ళేం లేవు.
లోయ మీద ఒక తాడు. దాన్ని కాపలా కాసే ముసలివాడు
అరగంట ముందే, ఎవరికీ ఏ తొందరా లేనప్పుడు
చుట్ట వెలిగించుకుంటూ అన్నాడు:
"మూడో ముడిని నమ్మకు బాబూ."
అంతే.
తర్వాత గూఢచారి ఆ తాడు పట్టుకుంటే
వెనకాల తుపాకులతో వస్తున్నవాళ్ళని ఎవరూ చూడలేదు.
హాలు హాలంతా ముడులు లెక్కపెట్టింది.
ఒకటి.
రెండు.
మావ నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.
తెల్ల ప్యాంటు మీద ఆ వేళ్ళ మరక
ఎన్ని ఉతుకులకీ పోలేదు.

ఆరు, ఏడు అడక్కండి.
ఆరులో నగరాలకి నగరాలే కూలాయి, ఏ ఇల్లు ఎవరిదో తెలీలేదు.
ఏడులో కెమెరా కల్లుకుండ మీద ఈగలా తిరిగింది,
తన్నిందెవరో తగిలిందెవరికో.
మావ ఇంటర్వెల్లో మిరపకాయ బజ్జీకని వెళ్ళి
మళ్ళీ లోపలికి రాలేదు.

ఆ ఏడాదే తుపాను.
క్రేను మీద మావ ఒక్కడే.
యారాడ కొండ దాటొచ్చిన గాలికి
ఇనుము పళ్ళు కొరుకుతోందట.
ఎలా దిగావు మావా అంటే
గాలి ఊసే ఎత్తలేదు.
"ఎడం కాలి సెప్పు జారిపోనాది.
కింద పడ్డ సప్పుడు కోసం సూసాను.
రాలేదు.
ఇంకా రాలేదు.
అప్పుడు తెలిసింది, నానెంత ఎత్తులో ఉన్నానో."
నిచ్చెనకి నూట పద్నాలుగు మెట్లు.
డెబ్బై రెండోది వదులు.
ఆఫీసులో సెప్పీ సెప్పీ అలిసిపోనానన్నాడు.
ఒంటి చెప్పుతో కంచరపాలెం దాకా నడిచొస్తే
అత్త తిట్టింది ఆ రెండో చెప్పు గురించే.

రేపు పొద్దున్న పదో భాగం షూటింగు.
ఫైటు రాయాల్సింది నేను. చోటు అదే పోర్టు.
నిర్మాత ఫోను:
"పోయిన భాగం కంటే పెద్దది కావాలండీ,
రెండు హెలికాప్టర్లు అనుకోండి. పోనీ మూడు."
సరేనండీ అన్నాను.

ఫిషింగ్ హార్బర్ దగ్గర టీ కొట్టు బల్ల మీద
కాగితం తీసి రాసుకున్నాను:
పోయిన సినిమాలో విరిగిన చెయ్యి ఇంకా నొప్పెట్టాలి.
ఎందుకు ఎక్కుతున్నాడో ఒక్క ముక్కలో చెప్పగలగాలి,
చెప్పలేకపోతే ఎక్కొద్దు.
సంగీతం ఆపెయ్యాలి.
చెప్పు.

మళ్ళీ పైన, కొద్దిగా ఖాళీ ఉన్నచోట ఇరికించాను:
వీటన్నిటికంటే ముందు, కథ ఇంకా నవ్వుతుండగానే
ఎవరో పనివాడు భోజనం క్యారేజీతో దిగుతూ
ఆ డెబ్బై రెండో మెట్టుని
మామూలుగా దాటేసి కాలు పెట్టాలి.
ఎవరూ ఏమీ అనకూడదు.

మావకి మొన్ననే కంటి ఆపరేషను.
షూటింగు చూడ్డానికి రమ్మంటే
"సూసీదేటుంది, పడినప్పుడు సప్పుడు ఇంటాను" అన్నాడు.

డాల్ఫిన్స్ నోస్ మీంచి లైట్‌హౌస్ వెలుగు
పడవల మీదుగా తిరిగి వెళ్ళిపోయింది.
మళ్ళీ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను,
వస్తుందని తెలిసే.

టీ చల్లారింది.
మూడో హెలికాప్టరు కొట్టేశాను.