ఆరొందల నలభై

సలాలాలో ఖరీఫ్ మొదలై తొమ్మిది రోజులు.
కొండలు పచ్చబడ్డాయని
దుబాయ్ నుంచీ రియాద్ నుంచీ కార్లేసుకుని
తుంపర్లో తడవడానికి వస్తున్నారు జనం.
నేను మాత్రం మంచులోంచి మంచులోకి డ్యూటీకి పోతాను.
ఇంక్యుబేటర్ అద్దానికి లోపల పట్టిన ఆవిరి,
ఊరికి బయట పట్టిన ఆవిరి.
తుడిచిన మేరకే కనబడుతుంది ఏదైనా.

నాలుగో పెట్టెలో సలామా కూతురు.
ఇరవై నాలుగు వారాలు. ఆరొందల నలభై గ్రాములు.
పేరింకా పెట్టలేదు.
ఒళ్లంతా ఉల్లిపొర,
ప్లాస్టర్ తీస్తే పొర కూడా వచ్చేస్తుందని
మూడు చోట్ల మాత్రం అంటించాం.
ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుంటాను,
చలి చెయ్యి తగిలితే వీళ్ల గుండె జంకుతుంది.
రెండు గంటలకోసారి డైపర్ తూస్తాను.
నాలుగు గ్రాములు ఎక్కువ తూగితే
"పోసింది! పోసింది!" అని తెలుగులోనే అరుస్తాను
లాటరీ తగిలినదానిలా.
రొవేనాకి ఆ ఒక్క తెలుగు ముక్క వచ్చేసింది.

సలామాది కొండ భాష, నాకు రాదు.
నా అరబ్బీ మూడు మాటలు:
కొంచెం, బాగుంది, ఓపిక.
వాటితోనే పదకొండు రోజులు నెట్టుకొచ్చాం.
రోజూ కొండ దిగి ఒక సీసా తెచ్చేది,
అడుగున రెండు చెంచాల పాలు.
పిల్లకి పట్టేది సిరంజిలో ఒక మిల్లీ,
మిగతాది తేదీ వేసి ఫ్రిజ్‌లో.

పన్నెండో రాత్రి మూడుంబావుకి జరిగింది చార్ట్‌లో రాశాను.
రాయనిది ఇది.
ట్యూబులన్నీ తీశాక గానీ
ఆ ముఖం ఎలా ఉంటుందో మాకు తెలియలేదు.
సలామా పిల్ల ముక్కు మీద వేలు పెట్టి,
తన ముక్కు మీద పెట్టుకుని,
నా వైపు చూసింది.
నీదే, అన్నాను.
అరబ్బీలో ఆ మాట నాకెప్పుడొచ్చిందో.

ఏడు సీసాలు మిగిలాయి. తల్లి వద్దంది.
నేను చూస్తాలే అంది రొవేనా, నన్ను చూడకుండా.
సింకులో కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.
ఐదింటికి పెట్టె కడిగి, ఆరబెట్టి, మళ్లీ వెచ్చబెట్టాం.

మర్నాడు ఆఫీసు నుంచి ఫారం.
మీ మానసిక ఒత్తిడి ఒకటి నుంచి పది లోపు ఎంత?
మూడు అని టిక్కు పెట్టాను.
ఆరు దాటితే పిలుస్తారట.
పిలిస్తే చెప్పాలి.
మా రేపల్లెలో అయితే కడుపులో దేవినట్టుంది అంటాం,
దానికి గడి లేదు.

సెలవు రోజు టమాటాలకి వెళ్లాను.
కవర్ని తూకం మీద పెట్టబోతూ
అరచేతులు రుద్దుకున్నాను.
తూకం కుర్రాడు, చిట్టగాంగ్ వాడు, నవ్వాడు.
చలేస్తుందా సిస్టర్, అన్నాడు.
అంకెలు ఎగిరి ఎగిరి
ఆరొందల నలభై దగ్గర నిలిచాయి.
స్టిక్కర్ తీశాడు.
ఆగు, అన్నాను.
ఇంకో టమాటా వేశాను. ఇంకొకటి వేశాను.
వెనక లైన్లో ఎవరో విసుక్కున్నారు.
ఇంటికెళ్లాక ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడక కుయ్యిమంది.
పరిగెత్తాను.

ఇవాళ నాలుగో పెట్టెలో మగపిల్లాడు.
తొమ్మిదొందల పది. బలశాలి, మా లెక్కన.
ఈసారి తూచడం, రాయడం, అంతవరకే అనుకున్నాను.
ముక్కూ మొహం చూడననుకున్నాను.
కిటికీలోంచి చెయ్యి పెట్టి దుప్పటి సర్దుతుంటే
నా చిటికెన వేలు చివర పట్టుకున్నాడు,
గోరంత మేర.

లాక్కోవాలనిపించింది.
గ్లవ్ లోపల నా వేలికి చెమట పట్టింది.
షిఫ్టు మారడానికి ఇంకా ఐదు గంటలు.
రొవేనా, కాస్త ఆ కుర్చీ ఇలా లాగు.