ఆరువారాల బడి

మా బడి జీపెక్కి వస్తుంది.
ఆరు వారాలకోసారి, బురదలో రెండుసార్లు దిగబడి,
మొరాగ్ టీచరునూ ఒక పెట్టెడు పుస్తకాలనూ
మా గొర్రెల దొడ్డి ముందు దించుతుంది.

ఈసారి పెట్టె తెరవలేదు.
"బూట్లు వేసుకోండి" అంది.
"పెంగ్విన్లన్నీ ఒకటే అన్నది ఎవరు?"
తమ్ముడు ఫెర్గస్ చెయ్యెత్తాడు.
వీపు నలుపు, పొట్ట తెలుపు, నడక తప్పటడుగు.
అంతేగా!

గడ్డిదుబ్బులు దాటామో లేదో
నేలలోంచి గాడిద ఓండ్ర!
గాడిద లేదు. కన్నంలోంచి ఒక తల,
ఛాతీ మీద రెండు నల్లపట్టీలు.
మాగెల్లాన్ పెంగ్విన్. నేల తవ్వి కాపురం.
ఒక కంటితో చూసింది, రెండో కంటితో చూసింది,
ఏ కంటికీ మేం నచ్చలేదు.

తీరం దగ్గర జెంటూలు,
నారింజ ముక్కు, నెత్తిన తెల్ల రిబ్బను.
ఒకటి గులకరాయి తెచ్చి గూట్లో పెట్టి
ఇంకోటి తేవడానికి వెళ్లగానే
పక్కింటామె మొదటిది ఎత్తుకుపోయింది.
తిరిగొచ్చి లెక్క చూసుకుంది పాపం:
ఒకటి, ఇంకొకటి, మొత్తం ఒకటి.
నాకూ కూడికలు అలాగే వస్తాయి.

కింగ్ పెంగ్విన్లకు తొందర లేదు.
గూడు లేదు, పుల్ల లేదు,
పాదాల మీద ఒకే ఒక్క గుడ్డు,
దానికి పొట్టమడతే దుప్పటి.
పిల్లలేమో గోధుమరంగు బొచ్చుమూటలు.
ఉన్ని కత్తిరించిన రోజు మా కొట్టంలో ఇలాంటి గుట్టలే,
కాకపోతే అవి ఈల వెయ్యవు.

"వీళ్ల పెద్దన్న చక్రవర్తి పెంగ్విన్
ఇటు రాడు" అంది టీచర్.
"ఇంకా దక్షిణాన, మంచు మీద ఉంటాడు.
మన చలి వాడికి ఉక్కపోత."

కొండ కొమ్మున రాక్‌హాపర్లు!
నడక కాదు, గెంతుడే గెంతుడు.
ఎర్ర కళ్లు, నిక్కిన పచ్చ కనుబొమలు,
ముక్కు మీదే కోపం.
ఆరు మీటర్ల దూరంలో ఆగాలని మాకు నియమం.
వాటికి ఎవరూ చెప్పలేదు.
ఒకటి గెంతుతూ వచ్చి
ఫెర్గస్ బూటు తాడు లాగింది.
వాడు కదల్లేదు. ఊపిరి కూడా దాచుకున్నాడు.
తర్వాత గుసగుసగా,
"అక్కా, దీని కనుబొమలు బంగారం రంగు.
నుదుటి మీద రెండూ కలిసిపోయాయి. ఇది వేరే."

టీచర్ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది.
నోటుబుక్కు తీసి రాసింది:
మాకరోనీ పెంగ్విన్, ఒకటి.
చూసినవారు: ఫెర్గస్, ఐదేళ్లు.

రాత్రి, పొయ్యి దగ్గర, తాడు కట్టుకోకుండానే అడిగాడు:
"అంతమందిలో అదొక్కటేగా.
తను వేరని దానికి తెలుసా?"

టీచర్ దగ్గర జవాబు లేదు.
ఆరు వారాలు గడువు అడిగింది.