చేతి వరస

ఫలోంబేలో బోరింగు చెడితే
కబురు ఎసినాతికి వెళ్ళేది.
ఎసినాతి సైకిలు కదిలేది.
క్యారేజీకి కుడిపక్క గోనెసంచి,
ఎడంపక్క నూనెడబ్బా కోసి చేసిన పెట్టె,
సీటు కింద తోలుతిత్తి,
హ్యాండిలుకి వేలాడుతూ పాలపొడి డబ్బా, దాన్నిండా వాషర్లు.
అన్నిటినీ బిగించి కట్టేవి పాత ట్యూబు చీల్చిన పట్టీలు.
తాడు వదులవుతుంది, తీగ కోస్తుంది,
రబ్బరు మాత్రం గతుకు గతుకుకీ బిగుసుకుంటుంది
అనేది.

నేను చేరేనాటికి నాకు పదిహేడు.
నా పేరు మసౌట్సో, మా మాటలో కష్టాలని అర్థం.
"ఇన్నాళ్ళూ ఇనుము మోశాను,
ఇక కష్టాల్ని కూడా వెనకేసుకు తిరగాలా!"
నవ్వి, గాలి కొట్టే పంపు నా ఒళ్ళో పెట్టింది.
ఈమధ్య తొక్కడం నాకే అప్పగించి
తను వెనక కూర్చుంటోంది.
మోకాళ్ళ నొప్పులట.

ఆ సంచి చూస్తే నాకు చిరాకు.
పెద్ద పానా పైన, దాని నడుముకి గుడ్డ,
గుడ్డ కింద కొక్కెం, కొక్కెం కింద సుత్తి,
సుత్తి పక్కన, ఎందుకో, ఉప్పు పొట్లం.
పంక్చరు బిళ్ళలూ సొల్యూషనూ ఒక సాక్సులో,
దాని జతలో సగం సబ్బు.
పైన ఒక జేబు ఖాళీ.
అందులో చీమని కూడా చేరనిచ్చేది కాదు.

ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్ళినప్పుడు
మొత్తం చాప మీద కుమ్మరించాను.
పానాల్ని బడిపిల్లల్లా ఎత్తుల వారీగా నిలబెట్టాను.
వాషర్లు సైజుల వారీగా దారానికి గుచ్చాను.
ఉప్పు వంటింట్లో పెట్టేశాను.
ఖాళీ జేబులో స్క్రూడ్రైవరు, సుద్దముక్క.
ఎంత ముచ్చటగా ఉందో!
మెచ్చుకుంటుందని రాత్రంతా నిద్రపట్టలేదు.

సోమవారం చిపెరోని జల్లు.
ములాంజే కొండ మబ్బులో ముఖం దాచుకుంది.
కందిచేల మధ్య బురదలో సైకిలు నెట్టుకుంటూ చేరేసరికి
బోరింగు నుంచి దారిదాకా
ఖాళీ బకెట్లు నిలబడి ఉన్నాయి, మనుషులకి బదులు.
ఎసినాతి గట్టు మీద మోకాలు మోపి
తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపింది సంచిలోకి.
స్క్రూడ్రైవరు వచ్చింది.
మళ్ళీ పెట్టింది. సుత్తి.
మళ్ళీ.
ఆ వేళ్ళు
కొత్త ఇంట్లో దీపం ఆరిపోయిన మనిషిలా
గోడలు వెతుక్కున్నాయి.

ఆమె తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు,
మాటలోనైనా, పనిలోనైనా.
ముఖంలోకి చూశాను.
మైలున్నర బురదలో ఒక్కసారీ తడబడని మోకాళ్ళు గుర్తొచ్చాయి.
మోకాళ్ళు కావు.
కళ్ళు. రెండిట్లోనూ పాల మీద కట్టినట్టు
పల్చటి పొర.

అందరూ చూస్తున్నారు. నీళ్ళ కమిటీ పెద్ద కూడా.
నేను జరిగి, ఏమీ అనకుండా
పానా ఆమె అరచేతిలో పెట్టాను.
తరవాత గుడ్డ. తరవాత కొక్కెం.
అప్పుడు తెలిసింది, అది పొడుగూ పొట్టీ వరస కాదు,
బోరింగు విప్పే వరస.
ముందు మూత తియ్యాలి,
కడ్డీలు లాగేటప్పుడు చేతులు జారకుండా గుడ్డ,
అట్టడుగున ఇరుక్కున్న వాల్వుకి కొక్కెం,
మళ్ళీ అన్నీ బిగించాక, చివర రెండు దెబ్బలకి సుత్తి.
ఖాళీ జేబు, విప్పిన బోల్టులకి.
నేల మీద పెడితే
మళ్ళీ ఎవరికి కనపడతాయి?

ఎర్రగా దగ్గి, దగ్గి, బోరింగు తేటబడింది.

తిరుగుదారిలో చాలాసేపటికి
వెనకనుంచి అంది:
"వాషర్లు దారానికి గుచ్చావే, అది బాగుంది.
అదొక్కటి ఉంచు."
కాసేపాగి, "ఉప్పేదిరా?
పచ్చిమామిడికాయ దొరికితే దేంతో తినను?"

ఆ రాత్రి దీపం వెలిగించకుండా సర్దాను.
పానా, గుడ్డ, కొక్కెం, సుత్తి.
తీసి మళ్ళీ సర్దాను. మళ్ళీ తీశాను.
మూడోసారి కూడా
ఉప్పు మర్చిపోయాను.