బజ్జీల బండి కాడ ఓపీ

ఉగ్గాని తిరగబోత వాసన ఇంగా పోలేదు,
సీ క్యాంపు సెంటర్లో ఎండ ఇంగా రోడ్డు దాటలేదు,
ఆరు మంది వచ్చి నా బెంచీ మీద పడినారు.
ఆరు ఫోన్లు, ఒకదానికి అద్దం పగిలింది.
పన్నెండు బొటనవేళ్లు.
తల ఎత్తినోడు ఒక్కడూ లేడు.

"అక్కా, నీ బజ్జీ ఓపీ" అన్నాడు మద్దిలేటి.

ఓపీ అంటే నాకు తెలిసింది ఒకటే.
పెద్దాసుపత్రిలో తెల్లారుజామున
నాకు బదులు నా చెప్పుల్ని వరసలో నిలబెట్టి
గోడకు ఒరిగి కూచుంటే
ఎవరో వాటిని పక్కకు తన్నిన వరస.
మా ఆయన కాలికి పుండు, నా చేతిలో నలిగిన చీటీ.
నా బజ్జీ తిన్నోళ్లు ఆడికి పోవాల్నా అని
గరిటె ఎత్తినా.
"కాదక్కా! శానా బాగుందని!"
శానా బాగుందంటే పండ్లు రాల్తాయా రా నీకు?

లేచి పోతా పోతా "జీజీ" అన్నాడు ఇంగొకడు.
మీ జేజి నా యీడుదేనా?
పోయిన ఉగాదికి నలబై రెండు నాకు.
జుట్టు నెరిసింది నూనె పొగకు గాని
ఏండ్లకు కాదు.
"జేజి కాదక్కా, ఆట బాగా ఆడినామని."
ఆ మాటే అనొచ్చు గదా. మాటకేమన్నా జీఎస్టీ ఉందా?

బొరుగులు నానబెట్టి పిండుతాను నేను రోజూ.
నీళ్లు పోతాయి, మెత్తన మిగుల్తుంది.
వీళ్లు మాటను పిండితే
పిప్పే మిగుల్తాది, అదే పళ్లెంలో పెడతారు.

లోల్ అంటాడు ఒకడు. మొగం మీద నవ్వే లేదు.
నవ్వొస్తే నవ్వు. నవ్వినా అని చెప్పేదేంది?
నేను దగ్గి, దగ్గినా అని చాటిస్తానా?

ఒకనాడు ఇలియాస్ కేక పెట్టినాడు:
"చచ్చినా రేయ్, చచ్చినా! లేపండి!"
చాయి కొట్టు ఖాదర్ మామ చెంబెడు నీళ్లతో
మోకాళ్ల నొప్పి మర్చిపోయి ఉరికొచ్చినాడు.
చచ్చినోడు పచ్చిమిరపకాయ కొరుకుతాండాడు.
ఆ నీళ్లు మామే తాగినాడు,
నిలబడి, ఒక్క గుక్కలో.

ఇంగ ఈరేషు. "కొత్త స్కిన్ కొన్నా, నాలుగొందలు" అన్నాడు.
నా చెయ్యి చూసుకున్నా.
మోచెయ్యి నుంచి మణికట్టు దాకా
పద్నాలుగేండ్ల నూనె చుక్కలు.
యాడ అమ్ముతారో అడుగుదామనుకున్నా.
అడగల్యా.
అడిగింటే లోల్ అంటారు.

ఇంత చెప్తాండా గాని, మొన్న సోమారం ఒకటి జరిగింది.
అద్దం పగిలిన ఫోనోడు, సుంకన్న,
మూడో రోజు కూడా "నాకొద్దులే అక్కా" అన్నాడు.
ఆకలి లేనోడి చూపు బాణలి మీద ఎందుకుంటాది?
మద్దిలేటి ఫోను మీంచి కండ్లు తియ్యకనే
"వీడు డౌన్ రా" అన్నాడు.
ఐదు పళ్లేల్లోంచి ఐదు బజ్జీలు
ఏమీ కానట్టు జరిగినాయి.
"రివైవ్" అన్నాడెవడో.
మీ నాయన దుడ్లు పంపలేదా అని ఎవ్వరూ అడగల్యా.
అదే మాట నేను నా తెలుగులో అడిగింటే
వాడు లేచి, కొత్త బస్టాండు దాకా
వెనక్కి చూడకుండా పోయుండు.
నేను సగం ఉల్లిగడ్డ తరిగి ఆ పళ్లెంలో వేసినా.
దానికి వాళ్ల దగ్గర ఏం పేరుందో నాకు తెలీదు.

అట్లని కోపం పోయిందనుకోవద్దు.
మర్నాడే ఒకడు నన్ను "బ్రో" అన్నాడు,
చట్నీ ఇయ్యల్యా.

ఈ పొద్దు ఆలస్యంగా వచ్చినారు.
బాణలి ఖాళీ. పిండి కలుపుతా కలుపుతా
"వాయి అయిపాయె, ఇంగో వాయి దాకా ఆగండి" అన్నా.

"వైఫైనా అక్కా?"

ఆరు తలలు ఒక్కసారిగా లేచినాయి.
అప్పుడు చూసినా,
మద్దిలేటికి మీసం వస్తాండాది.