మూడువందల పన్నెండో పలక

ఎస్తోనియాలో మా చిత్తడినేల మీద
దారి అంటే చెక్కే.
కార్లు ఆపే చోటు నుంచి పక్షుల్ని చూసే మంచె దాకా
రెండువేల నూట నలభై పలకలు,
ఒక్కో పలకా ఒక పెద్ద అంగ.
లెక్క ఎలా తెలుసంటే
మేకులు కొట్టింది నేనే.

అటూ ఇటూ నీళ్ళు చిక్కటి డికాషన్ రంగు.
కాలు జారితే నేల పట్టుకోదు,
అలాగని ముంచెయ్యదు,
తీరిగ్గా ఆలోచిస్తుంది.
వందేళ్ళ పైన్ చెట్టు నా నడుము దాకా రాదు.

ఈ మధ్య కొందరు వస్తున్నారు.
క్రాన్‌బెర్రీలకి బుట్ట తేరు, బెగ్గురు పక్షులకి దుర్భిణీ తేరు.
అరచేతిలో ఫోను, ఫోనులో బాణం గుర్తు.
ఎక్కడో పైన తిరిగే ఉపగ్రహం
వాళ్ళని నా పలకల మీదుగా నడిపించుకొచ్చి
నాలుగు మీటర్ల దూరంలో
చెయ్యి వదిలేస్తుంది.
అక్కణ్ణించి మోకాళ్ళే గతి.

నేను ఎదురైతే మాత్రం
బూటు లేసు కట్టుకుంటారు.
ఇన్ని ఊడిన లేసులు నా జన్మలో చూడలేదు.
ఒకడైతే రబ్బరు బూట్లకి కూడా కట్టుకున్నాడు.

నాకు తెలీదనుకుంటారు పాపం.
మూడువందల పన్నెండో పలక కింద, దూలం సందులో
నల్ల టేపు చుట్టిన చిన్న టిఫిను డబ్బా.
పెట్టిన వారానికే చూశాను.
పక్కనే నిద్రపోతున్న కప్పని ఎలా వదిలేశానో
దాన్నీ అలాగే వదిలేశాను.

సెప్టెంబరులో ఆ పలక కుళ్ళింది.
డబ్బా కోటు జేబులో వేసుకుని ఇంటికెళ్ళాను.
సూప్ చల్లారిపోతుంటే మూత తీశాను.
నిధి: ఒక గాజుగోళీ,
చెల్లుబాటు కాని ఫిన్లాండ్ నాణెం,
కాలు విరిగిన ప్లాస్టిక్ గుర్రం.
చుట్టచుట్టిన పుస్తకం.
"వాన. దోమలు. దొరికింది."
"నేను లీసి, ఆరేళ్ళు. నేనే ముందు చూశా, నాన్న అబద్ధం."
"పెళ్ళయి రెండు గంటలు. ఇద్దరికీ బురద."

మళ్ళీ మొదటినుంచి చదివాను.
అంతా దొరికినవాళ్ళే.
దొరకనివాళ్ళు ఏ పుస్తకంలో రాయాలి?

పసుపు వానకోటు ఆవిడ నాలుగుసార్లు వచ్చింది.
మేలో ఒకసారి, జూన్‌లో రెండు, మొన్న ఆదివారం.
ప్రతిసారీ మూడువందల ఎనిమిది దగ్గరే వంగుతుంది.
మోకాళ్ళు దులుపుకుని
పక్షుల అరుపు వింటున్నట్టు కాసేపు నించుని
వెళ్ళిపోతుంది.
ఆ నాలుగుసార్లకీ సాక్షిని నేనొక్కణ్ణే.

కొత్త పలక వేశాను. డబ్బా దాని చోట దాన్ని పెట్టాను.
చెప్పెయ్యొచ్చు.
చెబితే అక్కడ మిగిలేది వట్టి టిఫిను డబ్బా.

అక్టోబరులో, తొలి మంచు పేరుకున్న పొద్దున
దూరం నుంచి పసుపు రంగు వచ్చింది.
నేను మూడువందల పన్నెండు మీద కూర్చుని
బాగానే ఉన్న మేకుని మళ్ళీ కొడుతున్నాను.
ఆవిడ లేసు కట్టుకుంది.
నేను మేకు కొట్టాను.
ఆవిడ రెండో లేసు కట్టుకుంది.
మా ఇద్దరికీ నటన రాదు.
లేచి "చలి" అన్నాను.
"చలే" అంది.
వెళ్ళిపోయాను, సుత్తి అక్కడ మరిచిపోయి.
మరిచిపోయాననే ఇంట్లోనూ చెప్పాను.

సాయంత్రం వెళ్తే సుత్తి అక్కడే ఉంది,
పిడి తడవకుండా రొట్టె కాగితం చుట్టి.
డబ్బా తెరిచాను. తెరవకూడదు, తెలుసు.
"ఉర్వె. ఐదోసారి.
నాలుగు మీటర్ల తప్పు ఒక సుత్తితో సరిపోయింది."
గుర్రం లేదు.
దాని చోట, మడత విప్పని
కొత్త బూటు లేసు.

చెవి వెనక పెన్సిల్ ఉంది, పేజీలో చోటూ ఉంది.
పేరు రాయలేదు. నేనేం వెతికానని?
కానీ తీసుకుంటే ఒకటి పెట్టాలట, అది వాళ్ళ నియమం.
పాత పలక నుంచి ఊడదీసిన తుప్పు మేకు ఒకటి పెట్టి
లేసు జేబులో వేసుకున్నాను.

నావి రబ్బరు బూట్లు.