గొంతుకు గడి లేదు

లువాంగ్వా ఒడ్డున, కోడి కూయకముందే
రెండు వెదురు గడలకు వల కట్టి
కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంటాను.
పక్కన పీట మీద మా తాత యెలెసాని.
ఆయనకు చూపు పోయి పదకొండేళ్ళు.

ఇవాళ రెండు పడ్డాయి.
చీకటి ఇంకా విడలేదు. సంచుల్లోనే తూచాను,
తక్కెడ కొక్కేనికి గుడ్డమూట
గింజుకుంటూ, ఊగుతూ.

మా ఊళ్ళో రెంటికీ ఒకటే పేరు, న్జివా.
అదే బూడిద వీపు,
మెడ వెనక సగం తెగిన అదే నల్ల కంటె,
కంటి చుట్టూ అదే ఎర్ర తోలు.
తేడా అంతా ఆ ఎరుపు లోపల:
ఒకదానికి గురివింద గింజ,
ఒకదానికి లేత మొక్కజొన్న గింజ.
ఇంకా ఉంది, గురివింద కళ్ళదానికి
తోక చివర తెలుపుండదు.
ఇదంతా నాకు పుస్తకం నేర్పింది.

వెలుగొచ్చేదాకా పట్టుకోమని
తాత చేతుల్లో పెట్టాను, చెరొకటి.
"ఏది ఏదో చెప్పు తాతా, చూద్దాం."
ఆయన బొటనవేళ్ళతో రెండు రొమ్ములూ నిమిరాడు.
"చేతిలో ఉన్నంతసేపు ఏదీ ఏదీ కాదు, జెలితా.
రెండూ ఒకటే దడ."
అని
వదిలేశాడు.

కడియాలు తొడగలేదు! కళ్ళు చూడలేదు!
నేను కసురుతూనే ఉన్నాను,
ఆయన వేలెత్తాడు, ఆగమన్నట్టు.

అవతల మ్సంగు చెట్టులో ముందుగా
గుక్కు గూగూ గుగ్గుగ్గూ,
గడప దిగని అప్పులవాడిలా
ఆరేసి దెబ్బలు, మళ్ళీ ఆరు.
"అది ఎర్రకళ్ళది."

రెండోది ఆలస్యంగా, పై కొమ్మ మీద వాలుతూ
గుర్ర్ర్ర్ అంది,
ఎండిన సొరబుర్రలో గింజలు దొర్లినట్టు.
తాత పళ్ళులేని నోటితో నవ్వాడు.
"పీట మీద కూర్చోబోతూ
మీ అవ్వ చేసేది, ఈ చప్పుడే."

అవ్వ మూలుగు నాకు గుర్తు లేదు.
పోయేనాటికి నాకు నాలుగేళ్ళు.

తెల్లారాక కాగితం తీశాను.
బరువుకు గడి ఉంది, రాశాను.
రెక్క పొడవుకు ఉంది, కంటి రంగుకు ఉంది,
రెండూ ఖాళీ.
గొంతుకు గడి లేదు.
అంచున, పెన్సిలుతో, చిన్నగా రాశాను:
"వాలుతూ మూలిగింది."

లుసాకాలో ముతింతా మేడమ్
దాని కింద ఎర్రగీత గీస్తుంది, తెలుసు.
చెరిపేద్దామని రబ్బరు తీశాను కూడా.
ఇంతలో పై కొమ్మ మీది నుంచి
అది ఇంకో కొమ్మకు మారింది.


మళ్ళీ అదే.